మా గల్లీ కరెంటు బిల్లు

నిన్న మా పక్కింటి పెద్దమ్మ కరెంటు బిల్లు నా ఫోన్‌లో కడుతుంటే, పైసలు ఇటు నుంచి పోయాయి గాని అటు చేరలేదు. "పరేషాన్ గాకు బిడ్డా, సర్వర్ డౌనయినట్టుంది. పైసలు యాడికి వోతయ్, రేపు మర్లొస్తయ్ తియ్" అని ఆమే నన్ను ఓదార్చింది. గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతున్న మా అవ్వ, అంటే మా అమ్మ, తలెత్తలేదు.

ఇరవై ఏడేళ్లకే జ్ఞాపకాలేమిటని అడగకండి, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినవాడికి ముసలితనం కాస్త ముందే వస్తుంది. నా చిన్నప్పుడు హుజూరాబాద్‌లోని మా గల్లీలో ఎవరికీ బ్యాంకు ఖాతా లేదు. కరెంటాఫీసు వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోతుంది గనక, ఆడవాళ్లు వంతులు పెట్టుకుని, నెలకొకరు గల్లీ అందరి పైసలూ కొంగున ముడేసుకుపోయి కట్టొచ్చేవాళ్లు. వడ్డీ రాని బ్యాంకు అది, నమ్మకానికి మాత్రం లోటు లేదనుకునేవాళ్లం.

ఒక నెల వంతు అవ్వది. గడువు ఆఖరి రోజు పొద్దంతా నిలబడితే, కంప్యూటర్ నడవడం లేదు, రేపు రమ్మన్నారు. మర్నాడూ అదే జవాబు. ఆ సాయంత్రమే లైన్‌మన్ వచ్చి గల్లీ మొత్తం ఫ్యూజులు పీకిపోయాడు. సర్కారు పనుల్లో అంత చురుకుదనం నేను మళ్లీ చూడలేదు.

"నిజం జెప్పు చెల్లె, ఇంట్ల ఖర్చువెట్టుకున్నవు గదా?" అందరూ వినేటట్టు అడిగింది ఇదే పెద్దమ్మ.

"లేదక్కా, కంప్యూటర్ నడుస్తలేదన్నరు."

"రెండు దినాలు నడువకుంటుంటదా? ఎవలకు జెప్తవే!"

అవ్వ కొంగు విప్పి, ఎవరి పైసలు వాళ్ల చేతుల్లో పెట్టింది. చీకటి పడ్డా పెద్దమ్మ వేళ్లకు లెక్క బాగానే కనబడింది. తెల్లారి తామే కట్టుకుంటామని పోయినవాళ్లకూ కౌంటర్లో అదే జవాబు దొరికింది. ఆ మాట అవ్వకు వచ్చి చెప్పినవాళ్లు మాత్రం లేరు. వంతులు మళ్లీ మొదలయ్యాయి, మా గడపను మాత్రం దాటిపోయాయి. నెలనెలా మా ఒక్క బిల్లు కోసం అవ్వ తన పూట కూలి పోగొట్టుకుంది.

ఇప్పుడు ఆ వరుసలు లేవు. ఖాతా లేనివాళ్లు, ఉన్నా వాడడం రానివాళ్లు, గల్లీలో సగం మంది నా చేతిలో పైసలు పెట్టి నిశ్చింతగా పోతారు.

ఇవాళ పెద్దమ్మ పైసలు నిజంగానే మర్లొచ్చాయి. "చెప్తి గదా" అని నవ్విందామె. వంతు ఇన్నేళ్లకు మా ఇంటికి తిరిగొచ్చింది. అవ్వకు గాదు, ఫోనుకు.