కొళాయి పక్క మల్లెచెట్టు

బ్రిక్‌ఫీల్డ్స్‌లో రైలు దిగి కోవెల వైపు నడిచే దారిలో పూల దుకాణాలు వరసగా ఉంటాయి. మొన్న ఆదివారం వాటిలో ఒకదాని ముందు ఆగి మల్లెదండ కొని సంచిలో వేసుకున్నాను గాని, ఇల్లు చేరేదాకా నా మనసు ఆ దండ మీదే ఉంది. వానలు ఇంకా తెరిపి ఇవ్వని ఈ రోజుల్లో మల్లె ఇంతగా గుప్పుమనడమేమిటని నా అనుమానం. ఇంటికి రాగానే దాన్ని గిన్నెడు నీళ్లలో ముంచి తీశాను. వాసనంతా నీళ్లకి పట్టి, పూలు ఉత్త కాగితం ముక్కల్లా మిగిలాయి. అత్తరు చల్లి అమ్ముతున్నారు. అమ్మా, పూలని కూడా పరీక్ష చేస్తావా అని నా కూతురు మలయ్ భాషలో అడిగి నవ్వింది.

చేస్తాను. క్లాంగ్‌లో ఒక గోదాములో వచ్చిన సరుకునీ పోయిన సరుకునీ సరిచూడటం నా ఉద్యోగం. ఉండాల్సింది లేకపోయినా, ఉండకూడనిది ఉన్నా నా కళ్లు అక్కడే ఆగిపోతాయి. అన్నీ అచ్చంగా సరిపోతే మరీ అనుమానం. బడి చదువు సగంలోనే ఆగిపోయిన దాన్ని గనుక ఈ విద్య నా అంతట నేనే నేర్చుకున్నానని అందరితో చెబుతాను. అది పూర్తిగా నిజం కాదు. వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లోకాన్ని అనుమానించడం మా మామ్మ దగ్గర, నాన్నను కన్న తల్లి దగ్గర, ఆవిడ పూలచెట్ల మధ్య నేర్చుకున్నాను.

మా ఇల్లు బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో, చెక్క గోడల ఇళ్ల వరసలో చివరిది. చివరిది కావడం వల్ల పక్కనున్న ఖాళీ జాగా మా వాటాకి వచ్చింది. అక్కడ మామ్మ తోట వేసింది. ఈ మలయ్ దేశంలో ఎండ, వాన తప్ప వేరే కాలం లేదంటారు గాని, మా ఇంట్లో కాలాలకు లోటు లేదు, ఎందుకంటే అవి ఆకాశంలో కాకుండా చెట్ల మీద ఉండేవి. సాయంకాలపు వానలు మొదలవగానే బంతి విత్తనాలు చల్లేవాళ్లం. అవి దీపావళి నాటికి నడుమెత్తు పెరిగి, ముట్టుకుంటే చేతికి అంటుకునే ఆ ఘాటు వాసనతో వాకిలంతా పసుపు చేసేవి. బంతులు ఎండిపోయి విత్తనాలు దులుపుకున్నాక జోరువానల్లో తలలు వాల్చుకున్న చామంతులు, అవి అయ్యాక గట్టు పొడుగునా గులాబిరంగు కాశీతుమ్మలు, ఆ పైన చైనా వాళ్ల కొత్త సంవత్సరం టపాసులు వినపడే ఎండల్లో మల్లెమొగ్గలు. మాకున్నవి రెండు మల్లెచెట్లు, ఒకటి వాకిట్లో, ఒకటి కొళాయి పక్కన; శ్రీరామనవమికి రెండూ విరగబూసేవి. ఆ రోజు కొబ్బరిచక్కెరతో కలిపిన పానకం, మిరియాల ఘాటు, నానిన వడపప్పు, తడి అరిటాకు, వీటన్నిటి మీదుగా మల్లె వాసన తేలుతూ ఉండేది. ఇప్పటికీ పానకం తాగితే నాకు ముందు ఆ మల్లె వాసనే ముక్కుకి తగులుతుంది.

పిల్లలం కాశీతుమ్మ కాయల్ని వేళ్ల మధ్య పెట్టి టప్పున పేల్చేవాళ్లం, నూరు వరహాల పూలని తుంచి తొడిమలో తేనెబొట్టు పీల్చేవాళ్లం, మందార రేకు చీల్చి జిగురున్న వైపు ముక్కుకి అంటించుకుని కోడిపుంజుల్లా కొట్టుకునేవాళ్లం. మామ్మ మాత్రం పీట మీద కూర్చుని మా చేతుల వైపే చూసేది. సాయంత్రం ప్రతి మల్లెకొమ్మ దగ్గరా ఆగి మొగ్గలు చూసుకునేది. పొద్దున బుట్టలో తక్కువ కనిపిస్తే ముందు పొరుగువాళ్లని, తర్వాత మేకల్ని, ఆ తర్వాత నన్ను అనుమానించేది. పాలవాడి చెంబునీ, నూనెవాడి కొలతనీ, ఆకాశంలో మబ్బునీ కూడా ఆవిడ ఒకే చూపు చూసేది.

పూలు కోయడం మా పైడత్త పని. అత్త అంటే నాన్న చెల్లెలు. తెలుక్ ఇంతాన్‌లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీకి వ్యానులో వెళ్లేది. అమ్మా నాన్నా చీకటితోనే ఎస్టేటు పనిలోకి పోయేవాళ్లు, మామ్మకి నడుము వంగదు, అందుకని వ్యాను రాకముందే అత్త తలారా స్నానం చేసి బుట్ట తీసుకుని తోటలోకి దిగేది. నెలలో కొన్నాళ్లు మాత్రం దిగేది కాదు. ఆడవాళ్లు బయట చేరిన రోజుల్లో విడిగా కూర్చోవడానికి ఆ ఇరుకు ఇళ్లలో చోటెక్కడ? తాతల నాడు ఓడలో వచ్చిన ఆ ఆచారాల్లో మా ఇంట మిగిలింది ఒక్కటే: ఆ రోజుల్లో పూలచెట్టుని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మల్లె మాడిపోతుంది. నాకు కారణం తెలియదు గాని, అత్తకి సెలవు వస్తే బుట్ట నా చేతికి వస్తుందని తెలుసు. ఆ సెలవు కోసం నేను ఆశగా ఎదురుచూసేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్న ఆ సంవత్సరం కువాలా సెలంగోర్ నుంచి అత్తకి సంబంధం వచ్చింది. పిల్లవాడికి సొంత కిరాణా దుకాణం, మన తెలుగువాళ్లే. రామనవమికి వచ్చి మాట ఖాయం చేసుకుంటామని కబురు పంపారు. ఆ కబురు వచ్చిన వారంలోనే మామ్మ నన్ను పీట దగ్గరికి పిలిచింది.

"ఓలే గుంటా, నువ్వు ఆఖర్న పువ్వులు కోసినది ఎప్పుడే?"

"బంతులు ఎండిపోనాయని ఇత్తనాలు దులుపుకున్నాం సూడు, అప్పుడు మామ్మా."

"మరి సామంతులు?"

"అత్తే కోసినాది. కాశీతుమ్మలూ అత్తే. ఇప్పుడు మల్లిమొగ్గలూ అత్తే కోస్తన్నాది. నాకొక్కపాలి కూడా బుట్ట ఇవ్వనేదు."

మామ్మ బొటనవేలు కణుపుల మీద మెల్లగా నడిచింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతి మీదికి వచ్చి ఆగింది. ఆవిడ ముఖం చూసి, నేను ఏదో లెక్క తప్పు చెప్పాననుకుని మళ్లీ చెప్పబోతే, "సాల్లే, ఎల్లి ఆడుకో," అంది.

ఆ సాయంత్రం చంద్రకాంత పూలు విచ్చుకునే వేళకి వ్యాను దిగిన అత్తని చెప్పులు కూడా విడవనివ్వకుండా మామ్మ కొళాయి దగ్గర నిలబెట్టింది. నేను అరటిచెట్టు వెనక ఉన్నాను.

"ఇన్నాళ్లూ నువ్వు బయట సేరనేదేటే?"

"సేరినాను."

"మరి పువ్వులు?"

"కోసినాను. ఫ్యాక్టరీలో మిషను ముందు కూకున్నప్పుడు ఎవుడైనా అడుగుతాడేటి, ఈవేళ నువ్వు బట్ట ముట్టొచ్చా అని? నా సెయ్యి తగిలిన సొక్కాలు ఏ దేశాలకో ఎల్తన్నాయి. వాటికి నేని మాడిక నీ మల్లిసెట్టుకేటి? సుమ్మా, ఊరికే భయం లా అమ్మా!" మాట చివర "లా" అనడం ఈ దేశపు అలవాటు.

మామ్మ మల్లెచెట్టు వైపు చూసింది. అది నిగనిగలాడుతోంది. ఆవిడ లెక్క ఎటు పోయిందో నాకు పెద్దయ్యాక గాని బోధపడలేదు. బయట చేరిన చెయ్యి తగిలితే చెట్టు మాడాలి; చెట్టు మాడలేదు; కాబట్టి అత్త బయట చేరలేదు, అబద్ధమాడుతోంది. పెళ్లి కాని పిల్ల అన్ని నెలలు బయట చేరలేదంటే ఒకటే అర్థం. నేను ఎన్నో గోదాముల్లో ఎన్నో తప్పుడు లెక్కలు చూశాను గాని, అంత చక్కగా అతికిన తప్పుడు లెక్క మరొకటి చూడలేదు.

అదే వారంలో ఒక పొద్దున అత్త మామ్మని స్నానాల గదికి పిలిచి, "రా, నీ కళ్లతో నువ్వే సూసుకో," అంది. మామ్మ చూసి వచ్చింది. దాంతో అయిపోవాల్సింది. అవలేదు.

"ఇప్పుడు వచ్చినాది. వచ్చేలాగ ఏటి తిన్నావో, ఏటి సేసుకున్నావో! ఆ ఊరు నిండా మందుల కొట్లే."

కడుపు వస్తే పోగొట్టుకుందని కూతురి మీద మామ్మ అనుమానం. అత్త కొళాయి పక్కనున్న మల్లెచెట్టు దగ్గరికి విసురుగా నడిచి, రెండు చేతులా కొమ్మలు పట్టుకుని, మొగ్గలు దూసి మామ్మ కాళ్ల ముందు పోసింది.

"ఇదిగో, నీ ఎదరే ముట్టినాను. ఈ సెట్టు మాడిపోతే నాను ఇన్నాళ్లూ అబద్దం ఆడినట్టే. కువాలా సెలంగోర్‌కి నువ్వే కబురెట్టు, ఈ పిల్ల వద్దని. మాడకపోతే మాత్రం జన్మలో నన్నేటీ అడక్కు."

"కబురెడతాను," అంది మామ్మ. "వాకిట్లో సెట్టు నువ్వు ముట్టకు. రెండూ పక్కపక్కన సూస్తాను. రామనవమి దాకా."

అలా మా తోటలో రెండు మల్లెచెట్లు విచారణలో నిలబడ్డాయి. వాకిట్లో చెట్టు పూలు కోసేది నేను, కొళాయి పక్కది అత్త. పొద్దున్నే మామ్మ రెండింటి ఆకులూ తిప్పి చూసేది. చూసి, అత్త నడుము వైపు చూసేది. మళ్లీ ఆకుల వైపు. అమ్మా నాన్నా ఏమీ ఎరగనట్టే తిరిగారు. అత్త అన్నం తినేటప్పుడు కూడా మామ్మతో మాట్లాడేది కాదు. ఆ ఎండల్లో కొళాయి పక్క చెట్టు ఆకులు రెండు మూడు పసుపుబారాయి. ఎండకి పండే ఆకులే అవి, ఏటా పండుతాయి. కాని ఆ ఏడు అవి చూసి నాకు ఏడుపొచ్చింది. అత్త పెళ్లి ఆగిపోతుందని కాదు, అత్త వాటిని చూసి బుట్ట అక్కడే పెట్టేసి వ్యాను ఎక్కిన తీరుకి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆ చెట్టు మొదట్లో ఏదో తళుక్కుమంది. చేప పొలుసులు. మట్టి తడిగా ఉంది. మా ఇంట్లో చేప కడిగిన నీళ్లు అరటిచెట్టు మొదట్లోనే పొయ్యాలి. దేవుడికి పూలిచ్చే చెట్టుకి నీసు తగలకూడదన్నది మామ్మ అన్నిటికంటే గట్టిగా పట్టించిన నియమం, ఒకసారి అమ్మ పొరపాటున పోస్తే ఆ ఏడంతా ఆ చెట్టు పూలు దేవుడికి పెట్టనివ్వలేదు. చెట్టుకి బలమని అత్తే దొంగతనంగా పోసిందనుకున్నాను. కాలి బొటనవేలితో పొలుసుల మీదికి మట్టి లాగేశాను. అలా ఇంకా చాలాసార్లు లాగాల్సివచ్చింది. సాయంత్రం మామ్మ వచ్చి ఆ చెట్టు పక్కనే నిలబడితే నేను ఆ మట్టిని కాలితో అదిమిపట్టి నిలబడేదాన్ని. వరసలో ఏ ఇంట ఏ చేప వేగుతోందో పీట మీంచి కదలకుండా చెప్పగల ముక్కు ఆవిడది. ఆ నీసు మాత్రం ఆవిడకి తగల్లేదు.

రామనవమి నాటికి కొళాయి పక్క చెట్టు వాకిట్లో చెట్టుని మించిపోయింది. మామ్మ రెండింటి మధ్యా నిలబడి ఇటూ అటూ చూసి, "సరే," అంది, అంతే. మధ్యాహ్నం కువాలా సెలంగోర్ వాళ్లు వచ్చేసరికి ఆ చెట్టు మొగ్గలే దండ కట్టి, తన చేత్తోనే అత్త జడలో పెట్టింది. దేవుడికి మాత్రం వాకిట్లో చెట్టు పూలు పెట్టింది. అప్పుడు నేను ఆ తేడా గమనించాను గాని, దానికి అర్థం ఉండొచ్చని తోచలేదు.

ఇప్పుడు ఆ ఇళ్ల వరస లేదు, కొబ్బరి లేదు. అక్కడంతా నూనెతాటి చెట్లు, నేల మీద వెలుతురు కూడా పడదు. మామ్మ పోయి చాలా ఏళ్లయింది. అత్త పెళ్లయి వెళ్తూ వెంట తీసుకెళ్లిన మల్లె అంటు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. మా పిల్లలకి మల్లె అంటే ఏడాది పొడుగునా ఒకే వాసన వచ్చే దండ. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వో వాళ్లని అడిగితే ఫోను తీస్తారు.

అత్తరు దండ సంగతి చెప్పడానికని నిన్న కువాలా సెలంగోర్ వెళ్లాను. కబుర్ల మధ్య నవ్వుతూనే అడిగాను. "అత్తా, ఆ చెట్టుకి చేపనీళ్లు పోసి గెలిచినావు గదా?"

అత్త కళ్లద్దాలు తీసింది. "నానా? సేపలబండి వచ్చే యాళకి నాను మిషను ముందు ఉండేదాన్ని గదే. నాను ఇల్లు సేరేతలికి కూర ఉడికిపోయేది. నువ్వు పోసినావనుకున్నాను లా, ఇన్నేళ్లూ! మరి దీపావళి దీపావళికీ నీకు గౌను ఎందుకు కుట్టి పంపినాననుకున్నావు?"

చేపలవాడు మోటారుబండి మీద వచ్చే వేళకి నేను బడిలో, అమ్మా నాన్నా కొబ్బరిలో, అత్త ఫ్యాక్టరీలో. చేపలు కడిగేది ఎవరు, ఆ ఇంట్లో ఉన్నది ఎవరు, ఆ చెట్టు పూలు దేవుడికి పెట్టనిది ఎవరు? ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లు నేనెందుకు వెయ్యలేదో నాకు తెలియదు. కూతుర్ని నమ్మి ఉంటే మామ్మ చేపనీళ్లు పొయ్యక్కర్లేదు, చెట్టు దానంతట అదే నిలబడేది. నమ్మకపోతే ఆ చెట్టుని బతికించక్కర్లేదు. లేక చెట్టుని కూడా నమ్మలేదా?

అత్త ఆలోచన కూడా అదే దారిలో వచ్చినట్టుంది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "నువ్వు లెక్కలదానివి గదా, సెప్పు," అంది. "మా అమ్మ నన్ను నమ్మినాదా, నమ్మనేదా?"

అవునని చెబితే అత్త సంతోషించేది. కాని సరిచూడని దానికి సరేనని చెప్పడం నాకు చేతకాదు.

"అది నాకు తెలీదత్తా," అన్నాను. "నీళ్లయితే పోసినాది."