సార్ అడిగిన ఏడాది

ఈ రోజు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ధర్మవరం నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసి, యూనివర్సిటీలో మాకు భూగోళం చెప్పిన సార్ పోయారని చెప్పింది. హిందూపురంలో మా ఇంటి క్యాలెండరు మీద ఆ వేళ రాసుకున్నాను. రాసుకుంటే గానీ నాకు నమ్మకం కుదరదు.

ఎం.ఏ. చివరి ఏడాది సార్ నాకిచ్చిన పని, సోమందేపల్లి దారిలోని ఐదు బావుల్లో ప్రతి ఆదివారం నీటి మట్టం కొలవడం. శనివారం హాస్టలు నుంచి పెనుకొండలో మా ఇంటికి వచ్చి, తెల్లవారి తాడుకు గుండు కట్టుకుని బయలుదేరేదాన్ని. జ్వరం వచ్చి ఒక వారం పోలేకపోయాను. కొలతల పుస్తకంలో ఆ వారం ఖాళీ గడులను చూస్తే మనసు ఒప్పక, ముందు వారం అంకెనూ తర్వాతి వారం అంకెనూ కూడి, రెండుతో భాగించి నింపేశాను.

ఆ పుస్తకం మీద సంతకం పెట్టే ముందు సార్ తానే బస్సెక్కి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బావులన్నీ తిరిగారు. మూడో బావి దగ్గర సార్ వరసగా అంకెలు చదువుతూ ఆ జ్వరం వారం అంకెకు రాగానే రైతు నవ్వాడు.

“ఆ వారం నీళ్లన్నీ తోడేసి పూడిక తీస్తాంటిమి సార్. బాయిలో గుక్కెడు నీళ్లు ల్యా. ఏమ్మా, యాడ కొలిస్తివి, మా కుండలోనా?”

సార్ కోప్పడలేదు. ఇక మిగతా అంకెలనూ నమ్మలేనని, ఏడాదంతా మళ్లీ కొలవాలని మెల్లగా చెప్పారు. ఈ ఏడాదితో చదువు చాలని నాయన ముందే తేల్చేశాడు కనుక, నా డిగ్రీ అక్కడితో పోయిందనే అనుకున్నాను. సార్ తిరిగి బస్సెక్కకుండా నేరుగా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చేసిన పని నా నోటితోనే చెప్పించారు.

“అయితే ఫెయిలయినట్లేనా సార్?” అన్నాడు నాయన.

“లేదప్పా, ఇంకా కొలుస్తాండాది. ఇంకో ఏడాది ఇయ్యండి.”

నాయన నా తాడూ గుండూ చేతిలోకి తీసుకుని చూశాడు. “సరే. ఈసారి జరమొస్తే నేనే పోయి కొల్చుకొస్తా.”

“మీరు కొలిస్తే మీ పేరే రాయాలప్పా.”

రెండో ఏడాది పుస్తకంలో రెండు ఆదివారాల అంకెల పక్కన నాయన పేరుంది. ఆ పుస్తకంతోనే నాకు డిగ్రీ వచ్చింది, దాంతోనే ఇక్కడి కాలేజీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను.

ఇప్పుడు ఆ దారిలో అన్నీ బోర్లే, తొంగి చూస్తే నీళ్లు కనిపించే బావి ఒక్కటీ లేదు. మా వీధి పిల్లలు చూపించే ప్రాజెక్టుల్లో ఒక్క గడీ ఖాళీగా ఉండదు. ఇవి ఎవరు కొలిచారని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు నా ముఖం చూస్తారు.