ఊరపండుగ టేపు

ఆర్మూర్‌ల మైకుసెట్టు గంగాదాసు అంటే నేనే. పంతొమ్మిది వందల అరవై మూడుల పసుపు అమ్మి, హైద్రాబాద్ పోయి చక్రాల టేపు రికార్డర్ తెచ్చిన. అందరు సిన్మా పాటలు పెట్టుమనేటోళ్లు. థూ! ఎన్నిసార్లు విన్నా గదే పాట, గాడనే మొదలు, గాడనే ఖతం. నాకు నడిపయ్య డప్పు కావాలె.

నడిపయ్య మాదిగ వాడల డప్పుల జట్టుకు పెద్ద. దరువు ఎత్తుకున్నడంటే గంటసేపు దించడు. ఎటెటో పోతడు, ఇగ తప్పిపోయిండు అనుకుంటం, జట్టోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకుంటరు. గాయిన మాత్రం కండ్లు మూసుకొని నవ్వుకుంట మల్ల మొదటి దరువు మీదికే వచ్చి పడ్తడు. నిన్న కొట్టింది ఇయ్యాల కొట్టడు. అందుకే యాడ కొడితే గాడికి మిషన్ మోసుకపోయి టేపుల పట్టుకొచ్చేది. గా టేపులు వినెతందుకు వేల్పూర్ నుంచి గూడ వచ్చేటోళ్లు. నడిపయ్య ఒక్కడే ఎన్నడు వినలే. మా వాకిట్లకు రమ్మని నేను పిలువలే గద.

అరవై అయిదు ఊరపండుగనాడు నేను టేపు పడుతుండంగనే నడిపయ్య దరువు నడుమల తెగింది. మల్ల ఎత్తుకున్నడు గని జోరు లేదు. "ముసలోనికి చెయ్యి తప్పింది" అని బజార్ల మొదలు అన్నది నేనే. తర్వాత జట్టోళ్లు గూడ గదే అన్నరు. పెద్దరికం జట్టుల ఉన్న బుచ్చన్నకు ఇచ్చిండ్రు. నడిపయ్య డప్పు దించి పక్కన పెట్టి కూలికి పోవుడు షురూ చేసిండు.

మా చేన్ల పసుపు ఉడకపెట్టంగ ఒకనాడు అడిగిండు. "పటేలా, గానాడు నేను యాడ తప్పిన్నో ఒక్కపారి వినిపిస్తవా?"

జాలైంది. వాకిట్ల గోనెసంచి పరిచి కూసోబెట్టిన. చెడిన టేపని నేనూ గప్పటిదాక వినలే. దరువు మస్తుగ ఎక్కుతున్నది. నడిపయ్య వేళ్లు మోకాలు మీద ఆడుతున్నయి. అంతల డప్పును మించి ఒక గొంతు మొత్తుకున్నది.

"ఏయ్ నడిపిగా! మైకుకు తాకుతున్నవ్, దూరం జరుగురా! నువ్వు ముట్టినంక దాన్ని ఎవడు ముట్టుకుంటడు?"

డప్పు ఆగింది.

గా గొంతు నాదే. గానాడు డప్పుల మోతల జట్టోళ్లకు వినబడనట్టుంది. భూమి పగిలితే లోపలికి పోదును. అన్నట్టు నాకు యాదికి గూడ లేదు. రోజు అనే మాటాయె.

నడిపయ్య నా దిక్కు చూడలే, మిషన్‌నే చూసిండు. "నా చెయ్యి తప్పలే, పటేలా" అన్నడు. కండ్లల్ల నీళ్లు. "రేపు మా జట్టోళ్లను తోల్కొస్త. వాళ్లకు గూడ ఒక్కపారి వినిపియ్యి."

"తోల్కరా" అన్న.

ఆయన పోయినంక కూసుంటే నిలబడబుద్ధి, నిలబడితే కూసోబుద్ధి. పదిమంది ముంగట గా గొంతు మోగుతది. ఊరంత చెప్పుకుంటరు. పొద్దుగూకకముందే గా టేపు మీద రేడియో పాటలు ఎక్కించిన. నా బతుకు పాడుగాను.

తెల్లారి నడిపయ్య ఉతికిన ధోతి కట్టుకొని అందరిని తోల్కొచ్చిండు.

"టేపు ఖరాబైంది" అన్న, తల ఎత్తకుండ.

బుచ్చన్న పకపక నవ్విండు. "చెయ్యి తప్పినోనికి సాకులు శానా ఉంటయి తియ్!"

నడిపయ్య నా మొకం ఒక్కపారి చూసిండు. ఆయనకు తెలిసిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు. జట్టోళ్ల దిక్కు తిరిగి, "పాండ్రి, పాండ్రి" అన్నడు. "పటేల్‌ను ఎందుకు తిప్పలవెడ్తరు? గానాడు నా చెయ్యే తప్పింది."