వీధి కదలక కండక్టరుగారు పడ్డ పాట్లు

ఉద్యోగం అయిపోయిన మూడో వారానికే కండక్టరుగారు ఇంట్లో ఇమడరని తేలిపోయింది. ముప్పై నాలుగేళ్లు బస్సులో నిలబడే బతికిన మనిషాయె. ఏమీ తోచక ఒకరోజు వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసలో సర్దేశారు. ఆ పూట కూరలో ఉప్పుకి బదులు పంచదార పడింది.

"ఏవండీ, మీకో దండం. వీధిలో కూర్చుని ఏదో ఒకటి చేసుకోండి" అంటూ భార్య, మనవరాలు వదిలేసి వెళ్లిన రంగులపెట్టె ఆయన చేతిలో పెట్టి తలుపేసేసింది.

అలా పట్టుకుంది బొమ్మల పిచ్చి. వాళ్లది పాతపేట. ఎదురుమేడవాళ్లకి చెయ్యి చాపి గరిట అందించగలిగేంత ఇరుకు వీధి. గోడలు పెచ్చులూడి, తాతలనాటి రంగులన్నీ ఒకదాని కిందొకటి కనిపిస్తుంటాయి. ఇన్నేళ్లూ బస్సు కిటికీలోంచి పరుగెత్తే వీధుల్నే చూసిన ఆయనకి, ఒకేచోట ఉండే వీధిని చూడటం ఎంత హాయిగా ఉందో చెప్పలేం. దీపస్తంభం పక్కన మడతకుర్చీ వేసుకుని, ఉన్నది ఉన్నట్టు గీసేశారు.

అదే కొంప ముంచింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. ముందు టైలరు వచ్చాడు.

"అన్నగారూ, నేను మిషన్ మీద పడి నిద్రపోవడం మీరెప్పుడు చూశారు?"

"నువ్వు నిద్రపోతున్నప్పుడు."

"నిద్ర కాదండీ. కళ్లు మూసుకుని కాలరు గురించి ఆలోచిస్తున్నా."

"నోరు తెరుచుకునా?"

తరవాత సెలూన్ ఆయన వచ్చి బొమ్మలో కుక్కకి మూడే కాళ్లున్నాయేమని అడిగాడు. "నాలుగోది ఎత్తింది. స్తంభం పక్కన ఎందుకెత్తిందో నన్నడక్కు" అన్నారు కండక్టరుగారు. మేడమీద పిన్నిగారైతే, తను కాకితో పోట్లాడుతున్నట్టు గీసినందుకు రెండు పూటలు మాట్లాడటం మానేసింది.

మర్నాడు ఆయన కుర్చీ వేసుకుని చూద్దురు కదా, వీధంతా పెళ్లి ఫోటోకి తయారైనట్టుంది. టైలరు కోటు తొడుక్కుని, మిషన్ మీద కాలు పెట్టి బిగుసుకుపోయాడు. పిన్నిగారు తీగ మీద ఇస్త్రీ బట్టలు ఆరేసింది. కూరగాయలాయన టమాటాలు కొండలా పేర్చి, "ముట్టుకోకండమ్మా, బొమ్మ చెదిరిపోద్ది!" అని కొనేవాళ్లని తరిమేస్తున్నాడు. ఎవరో సైకిలాయన ఒకే చోట పదకొండుసార్లు తిరిగాడు.

"కదలండయ్యా!" అని మొత్తుకున్నారు కండక్టరుగారు. ఎవరూ కదల్లేదు. ఉండబట్టలేక పాత అలవాటు కొద్దీ, "ముందుకి జరగండి! ముందు ఖాళీ ఉంది!" అని అరిచారు. వీధి వీధంతా రెండడుగులు ముందుకి జరిగి, మళ్లీ బిగుసుకుంది.

ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నారు. "మీరు చూస్తుంటే వాళ్లట్లాగే ఉంటారు. వాళ్లకేసి చూడకండి" అంది భార్య.

"చూడకుండా ఎలా గీస్తానే?" అన్నారు గాని, తెల్లారేసరికి దారి దొరికింది. సెలూన్లో గోడంత అద్దం ఉంది. దాని ముందు కుర్చీలో కూర్చుంటే వీధి మొత్తం అద్దంలోనే ఉంటుంది! మెడనుంచి తెల్లగుడ్డ, గుడ్డ కింద ఒళ్లో అట్ట, కాగితం, పెన్సిలు. మొదటిరోజు గడ్డం గీయించుకున్నారు. రెండోరోజు గీయడానికేమీ మిగల్లేదు. అయినా సెలూన్ ఆయన నురగ రాస్తూనే ఉన్నాడు. నాలుగోరోజు టైలరు అనుమానంగా తొంగిచూశాడు. ఏదో ఒక పని చెయ్యాలి కదాని, కంగారులో సెలూన్ ఆయన కండక్టరుగారి మీసం ఎగరగొట్టేశాడు.

ఇంటికెళ్తే భార్య తలుపు సగమే తీసి, "ఆయన లేరండీ" అంది.

మీసం పోతే పోయింది, బొమ్మ మాత్రం అద్భుతంగా కుదిరింది. రంగులద్ది సెలూన్లో పెడితే అందరూ చేరారు. కాకి, కుక్క, కునుకు, అన్నీ ఉన్నాయి. అద్దంలో చూసి గీశారు గనక, కుడి ఎడమైంది. బోర్డుల మీద అక్షరాలు కూడా తిరగబడ్డాయి. ఇక తిట్లు తప్పవని కండక్టరుగారు తువ్వాలు భుజాన వేసుకున్నారు.

టైలరు చాలాసేపు చూసి, ఒక్కసారిగా వెలిగిపోయాడు. "నా మిషన్ చక్రం కుడివైపుంటుంది. దీంట్లో ఎడమవైపుంది. అయితే వీడు నేను కాదు!"

"అవునోయ్, మా మేడ కూడా ఇటుంది. ఇది మన వీధే కాదు" అంది పిన్నిగారు, బరువు దిగినట్టు.

అంతే, ఒకటే నవ్వులు. "ఎవడో గాని ఒట్టి సోమరిపోతు!" అని టైలరు కడుపు పట్టుకున్నాడు. "కాకితో ఆ గొడవేంటమ్మా, వయసొచ్చింది గాని బుద్ధి రాలేదు" అని పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంది. కండక్టరుగారు భుజం మీది తువ్వాలు తీసేసి, తీరిగ్గా కుర్చీలో కూర్చున్నారు.

సాయంత్రం భార్య కూడా వచ్చి చూసింది. బొమ్మలో ఒక మూల, కిటికీలో చెంపకి చెయ్యానించుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఆవిడ మీద ఆమె చూపు ఆగింది.

"ఈవిడెవరో బావుందే" అంది.

"ఆ... ఆవిడ పక్క వీధి ఆవిడలే" అన్నారు కండక్టరుగారు, లేని మీసం సవరించుకుంటూ.

"అలాగా! అయితే ఇవాళ్టి వంట కూడా ఆవిణ్ణే చేసిపెట్టమనండి" అని నవ్వు దాచుకుంటూ చరచరా ఇంటిదారి పట్టింది.