మా ఆయనా, ఫ్లోరైడూ

ఆ రోజుల్లో నాకు దేని మీదా అభిప్రాయం ఉండేది కాదు, ఉండడానికి ఓపిక లేక. కొత్త ఉద్యోగం, పొద్దున్నే ఆఫీసువాళ్లతో స్టాండప్ కాల్, కిండర్‌గార్టెన్‌కి వెళ్లే కొడుకు, రాత్రికి ఏం వండాలన్న దిగులు. అయినా డాలస్ పక్కన మా ఊళ్లో, పళ్లు పుచ్చకుండా కుళాయి నీళ్లలో కలిపే ఫ్లోరైడ్ ఇంకా కలపాలా, మానేయాలా అన్న గొడవ మొదలయ్యాక నన్నెవరూ వదల్లేదు. కారణం మా ఆయన. ఆయనది నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. పళ్ల నిండా గోధుమరంగు చారలు. పెళ్లి ఫొటోల్లో కూడా పెదవులు బిగించుకునే ఉన్నాడు (పెళ్లికొడుక్కి ఇష్టం లేదేమోనని మావాళ్లు కంగారుపడ్డారు). ఆ నీళ్లకే వాళ్ల పెదనాన్న నడుము వంగిపోయింది. ఆయన నిటారుగా నిలబడగా ఈయన ఎన్నడూ చూడలేదు.

అందుకే మా వంటింటి సింక్ కింద ఆర్వో ఫిల్టర్. తాగడానికీ, వండడానికీ, ఆఖరికి పుక్కిలించడానికీ ఆ నీళ్లే. పిల్లాడికి ఫ్లోరైడ్ లేని పేస్టు. బర్త్‌డే పార్టీలకు గిఫ్ట్ మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఇంటి నీళ్ల సీసా మర్చిపోయిన పాపాన పోలేదు.

మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు రెండు పార్టీలైంది. ఫ్లోరైడ్ ఆపేయాలన్న వాళ్లకు మా ఆయన దేవుడిచ్చిన సాక్షి. "అన్నా, నువ్వు నల్గొండోనివి. సిటీ మీటింగ్‌ల నువ్వే మాట్లాడాలె" అని ఒక తమ్ముడు ఇంటికే వచ్చి కూర్చున్నాడు. పక్కింటి బెజవాడ అక్క నన్ను పట్టుకుంది. "మీ ఆయన్ని కాస్త కంట్రోల్ చెయ్యమ్మా! పిల్లల పళ్లన్నీ పుచ్చిపోతే ఎవరిది రెస్పాన్సిబిలిటీ?" అంది. ఆయన స్పీచ్ ప్రాక్టీస్ అంతా నా ముందే. నేను గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ, వినకుండానే "బావుంది" అనేదాన్ని.

సరిగ్గా అప్పుడే పిల్లాడు దవడ పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాడు. వెనక పళ్లు పుచ్చాయి, స్టీల్ క్యాప్‌లు వేయాలి అంది డెంటిస్టు. ఇంట్లో ట్యాప్ వాటరేనా తాగుతావు అని అడిగితే, మావాడు గర్వంగా "నో! డాడీ వాటర్!" అన్నాడు. ఆవిడ ఓపిగ్గా విడమర్చి చెప్పింది. మీ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది, పేస్టులోనూ లేదు, పైగా పడుకునే ముందు చక్కెర పాలు (ఇవి నా తరఫు కానుక).

"మా ఊళ్లె ఉన్నంత ఇక్కడ ఉండదని నాకు తెల్వదా? తెలుసు. కానీ భయమైతది" అన్నాడు ఆయన, తిరిగొస్తుంటే కార్‌లో.

మీటింగ్‌కి ముగ్గురం వెళ్లాం. క్యాప్‌లు వేయించుకున్న పిల్లాడు నా ఒళ్లో ఉన్నాడు. ఆయన మైకు ముందు నిలబడి, కాగితం తీశాడు, వాడివైపు చూశాడు, కాగితం జేబులో పెట్టేశాడు. తర్వాత అంతమంది ముందు నోరు బార్లా తెరిచాడు. "ఎక్కువైతే ఇట్లా అవుతుంది" అన్నాడు ఇంగ్లీషులో. వాణ్ణి పిలిచి వాడి నోరూ తెరిపించాడు. "వీడికి నేను అసలు లేకుండా చేశాను. ఎంత ఉండాలో తెలిసినవాళ్లు కొలిచి పోయండి. నాకు భయపడడం ఒక్కటే తెలుసు." చెప్పి వచ్చేశాడు. ఏ పార్టీవాళ్లూ చప్పట్లు కొట్టలేదు. సిటీవాళ్లు నిర్ణయం వాయిదా వేశారు. బయట పార్కింగ్‌లో తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. అక్కేమో "ఆ పిల్లాడి పళ్ల ముక్క ఒక్కటీ చెప్తే పోయేదిగా" అని సణిగింది.

ఇంటికొచ్చాక ఆయన ఫిల్టర్‌ది కాకుండా మామూలు కుళాయి తిప్పి గ్లాసు నింపాడు. పిల్లాడి దాకా తీసుకెళ్లాడు గానీ ఇవ్వలేకపోయాడు. "నువ్వియ్యి" అని నా చేతిలో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. వాడు గటగటా తాగేసి "సేమ్ టేస్ట్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఈ పనీ నా నెత్తినేనా అని. ఇప్పుడు తలుచుకుంటే, అలా ఒళ్లు మండించుకున్న ఆ అమ్మాయిని చూసి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆ గ్లాసు నింపింది ఆయనేనన్న సంగతి, అంత అలసటలో, ఆ పిల్లకు కనపడనే లేదు.