గాజు సీసాలే కావాలన్నాను

మా ఇంట్లో గాజు సీసా పారేయడం పాపం కింద లెక్క. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చిన కొత్తలో రీసైక్లింగ్‌కి పెట్టే మా పసుపు మూత బిన్ సగం ఖాళీగానే వీధిలోకి వెళ్ళేది. సీసాలన్నీ మా ఆవిడ దగ్గర ఆగిపోయేవి. టమాటా గుజ్జువి, ఆలివ్ నూనెవి, ఆపిల్ జ్యూస్‌వి. లేబుళ్ళు నానబెట్టి గీకి, కడిగి, ఎండలో బోర్లించి, బట్టలుతికే లాండ్రీ గది అలమరలో వరసగా పేర్చేది. ఎందుకివన్నీ అంటే, "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయండీ" అనేది. పనికొచ్చాయి. ఎలా పనికొచ్చాయో చెప్పవలసిన చోట ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడాది నాకు ఇంట్లో బీరు తయారుచేసే పిచ్చి పట్టింది. సామాను అమ్మిన ముసలాయన కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఓపికగా పాఠం చెప్పాడు. బీరు సీసాలో పోసి మూత బిగించాక కూడా ఊరుకోదట. మనం వేసిన కాస్త పంచదార తిని ఈస్ట్ లోపల గ్యాస్ పుట్టిస్తుంది, గ్లాసులో పొంగే నురగంతా దానిదే. ఆ ఒత్తిడికి తట్టుకునే సీసా ఉండాలి. బ్రౌన్ రంగు ప్లాస్టిక్ సీసాలు ఒక పెట్టె నా ముందుకు జరిపి, వేలితో నొక్కి చూస్తే గ్యాస్ ఎంత పట్టిందో తెలిసిపోతుందన్నాడు. గాజే కావాలంటే బీరు పోసి అమ్మే దళసరి సీసాలే కడిగి వాడుకోమన్నాడు. జ్యూస్ సీసాల జోలికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాడు.

నేను గోదావరి జిల్లా వాణ్ణి. మా వైపు ప్లాస్టిక్ సీసాలో పోసి చేతికిచ్చేది కల్లు. మా పారమట్టా ఆఫీసు నుంచి టీమ్ అంతా బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి వస్తుంటే, వాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మేం తాగేది కల్లు కాదు అని ఎవరికి చెప్పుకోవాలనుకున్నానో ఇప్పటికీ తెలియదు. వాళ్ళలో సగం మందికి కల్లంటే ఏమిటో కూడా తెలియదు.

ఇంటికొచ్చి లాండ్రీ అలమర తెరిచాను. పలకలు పలకలుగా, అందంగా ఉన్న జ్యూస్ సీసాలు ఏరుకున్నాను. పంచదారకి కొలత చెంచా ఇచ్చారు గానీ, మన వంటింట్లో ఎవరు కొలుస్తారు, కంటి కొలతే వేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తూ, "అవి జ్యూస్ సీసాలు కదండీ, పల్చగా ఉంటాయి. పర్లేదా?" అంది.

"గాజు గాజే. నీకు తెలీదులే" అన్నాను.

తర్వాత వారం అత్తగారు ఇండియా నుంచి దిగారు. ఆవిడకి అల్లుడు బీరు తాగుతాడని తెలియదు, తయారుచేస్తాడని కలలో కూడా అనుకోదు. రాగానే సత్యనారాయణ వ్రతం చేయించాలని పట్టుబట్టింది. వ్రతం ఇంట్లో ఆ సీసాలుండకూడదని మా ఆవిడ బతిమాలితే, చల్లటి లాండ్రీలోంచి తీసి పెరట్లో రేకుల షెడ్‌లో పెట్టాను. అది జనవరి, ఇక్కడ నడి ఎండాకాలం. ఎండ నలభై దాటింది. వేడికి ఈస్ట్ రెచ్చిపోతుందని ఆ ముసలాయన చెప్పే ఉంటాడు, నేను వినిపించుకుని ఉండను.

వ్రతం రోజు పొద్దున అత్తగారు పీటలు కావాలంది. అవి షెడ్‌లో ఉన్నాయి. మా ఆవిడ పట్టుచీరలోనే వెళ్ళింది. పీటల మీద సీసాల పెట్టె పెట్టింది నేనే. ఆమె ఆ పెట్టె జరపబోయింది.

టపాకాయ పేలిందనుకున్నాను. పరుగెత్తుకెళ్ళేసరికి ఆమె కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చీరంతా నెత్తురు, నురగ. నేను మొదట చేసిన పని ఏమిటంటే, ఆమెను బయటికి లాగి షెడ్ తలుపు మూసేశాను, అత్తగారి కంట పడకుండా. చెయ్యి చూసింది ఆ తర్వాత.

కారులో ఆస్పత్రికి తీసుకెళ్తూ, "పెట్టె కుదిపావా?" అని అడిగాను. ఎమర్జెన్సీలో నర్సు ఏం జరిగిందని అడిగితే, పక్కనే అత్తగారు ఉన్నారు కనక, మా ఆవిడ నోరు తెరిచేలోపే నేనే చెప్పాను. "పచ్చడి సీసా. చేతిలోంచి జారింది." మా ఆవిడ నా వంక చూసి తలూపింది.

బొటనవేలి మొదట్లో నరం తెగింది. కుట్టారు, నెలల తరబడి వ్యాయామాలు చేయించారు, అయినా ఆ పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. అత్తగారు ఊరెళ్ళేదాకా వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది. "మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా, చేతిలో ఏదీ నిలవదు." ఆవిడ విమానం ఎక్కిన రోజు నిజం చెప్పేయవచ్చు. చెప్పలేదు. తర్వాత చెప్పడానికి కారణం దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే, నేను వెతకలేదు.

ఇప్పుడు నావన్నీ బ్రౌన్ ప్లాస్టిక్ సీసాలే. పోయిన నెల మా పెరట్లో బార్బీ. ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడు బీరు మొదలుపెడతానంటే ఆ ముసలాయన పాఠం అంతా నేనే అప్పజెప్పాను. ఎలా నొక్కి చూడాలో చూపించాను. పల్చటి గాజు జోలికి పోవద్దని రెండుసార్లు చెప్పాను.

"అంత గట్టిగా చెప్తున్నారు, మీకెప్పుడైనా పేలిందా అంకుల్?" అన్నాడు.

మా ఆవిడ సలాడ్ ఉన్న గాజు పళ్ళెం తీసుకుని అటే వస్తోంది. "లేదులే, ఎక్కడో చదివాను" అన్నాను.

ఇంతలో మా అమ్మాయి ఎదురెళ్ళి ఆ పళ్ళెం లాక్కుంది. "మమ్, గివ్ ఇట్ టు మీ. యూ డ్రాప్ ఎవ్రీథింగ్." అందరూ నవ్వారు. కుర్రాడు నవ్వాడు. అందరితో పాటు నేనూ నవ్వాను, దానికి క్షమాపణ లేదు.

మా ఆవిడ నవ్వలేదు. బల్ల మీదున్న నా సీసా ఒకటి తీసి, వేలితో నొక్కి చూసి, నాకు అందించింది.

"మూత తీసిపెట్టండి. నా చేతిలో ఏదీ నిలవదుగా."

తీసి ఇచ్చాను.