సక్కవ్వ సంచిలో రెండు గోలీలు

2023 వానాకాలం. బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మెడికల్ షాపులోకి కంప్యూటర్ వచ్చింది. నేను అక్కడ సేల్స్‌మన్‌ని. అయితే మద్నూర్ నుంచి కోటగిరి దాకా జనం నన్ను "చీటీ చదివే రాజన్న" అనేవారు. డాక్టరు కోడి కెలికినట్టు రాసినా, వానకు తడిసి సగం అక్షరాలు పోయినా, ఒక్కసారి చూసి అరలోంచి మందు తీసేవాణ్ని. అర్థంకాని చీటీలు పక్క షాపులవాళ్లు కూడా నా దగ్గరికే పంపేవారు. దాంతో నాకు కాస్త పొగరు ఉండేది. ఉండదా మరి?

కంప్యూటర్‌తో పాటు చీటీలూ మారాయి. డాక్టర్లు ప్రింటు తీసి ఇవ్వడం మొదలుపెట్టారు. వాటిలో బ్రాండ్ పేరు, అంటే కంపెనీ పెట్టుకున్న పేరు, చాలాసార్లు ఉండదు. మాలిక్యూల్ పేరు ఉంటుంది. గోలీలో అసలు పనిచేసే మందు పేరన్నమాట. ఆ పేరు కంప్యూటర్లో కొడితే మా దగ్గర ఏ కంపెనీది ఏ అరలో ఉందో అదే చూపిస్తుంది. నాలుగక్షరాలు వచ్చిన ఎవరైనా చేయగలిగే పని. నా విద్యకు ఇక గిరాకీ లేదని నాకు తొందరగానే అర్థమైంది.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు మా సేటు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. "రాజన్నా, షాపు మారుతున్నది. నీకేం వచ్చు, ఏం రాదు, నీకు నువ్వే మంచిగ ఆలోచించుకొని చెప్పు. దసరా దాక టైం తీస్కో. దాన్ని బట్టి పని జూస్కుందాం" అన్నాడు.

వచ్చింది చెప్పమంటే అర్థముంది. రానిదెందుకు? నాకు రానిదేదో నా నోటితోనే చెప్పించి, అదే సాకుగా నన్ను ఇంటికి పంపాలని కాకపోతే! ఉన్నది కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు కాలేజీల్లో ఉన్నారు. ఈ వయసులో వేరే పని ఎవరిస్తారు? సరే సేటూ అని తలూపి, వచ్చింది మాత్రమే చెప్పాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

పది రోజులు తిరక్కుండానే నా అనుమానానికి బలం దొరికింది. జ్యోతి అనే అమ్మాయి పనిలో చేరింది. కోటగిరి దగ్గరి తండా పిల్ల. ఫార్మసీ చదివింది. సన్నగా, ఎక్కువ మాట్లాడకుండా ఉండేది. మాట్లాడితే మాత్రం ప్రశ్నే. "అన్నా, ఇది ఏం మాలిక్యూల్?" "అన్నా, దీనికి బదులు అదెందుకిచ్చినవ్?" నేను "సేటును అడుగమ్మా" అనేవాణ్ని. ఇంకో సంగతి కూడా గమనించాను. నేను చదివి పక్కన పెట్టిన చేతిరాత చీటీలను ఫోన్లో ఫోటో తీస్తోంది. నేను తిరిగి చూస్తే ఫోన్ దాచేస్తోంది. నా తప్పులు పట్టి సేటుకు పంపుతోందని నాకు రవ్వంత సందేహం కూడా లేకపోయింది.

సక్కవ్వ సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు తన కడుపులో మాట చెప్పుకుంది. మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపు ఊరామెది. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది. నెలకోసారి సంచి చంకన పెట్టుకుని ఒక్కతే వచ్చేది. ఖాళీ ఆకుపచ్చ స్ట్రిప్ బల్ల మీద పెట్టి "గిదే ఇయ్యి" అనేది. ఆ తర్వాత బాన్సువాడ డాక్టరు ఇచ్చిన ప్రింటు చీటీ తీసేది. ఆకుపచ్చదానితో పాటు, ఆ చీటీకి కంప్యూటర్ చూపించిన తెల్ల స్ట్రిప్ కూడా ఇచ్చేవాణ్ని.

ఆ రోజు గోలీలు తీసుకుని కూడా కదల్లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"రాజన్నా, మా కోడలు నాకు మందు పెడుతున్నదిరా."

మందు పెట్టడమంటే మా వైపు తెలియనివాళ్లుండరు. మనిషిని లొంగదీయడానికో, లేపేయడానికో అన్నంలో రహస్యంగా ఏదో కలపడం.

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"పొద్దుగాల్ల కాళ్లు చేతులు గడగడ వణుకుతయ్. ఒళ్లంత చెమటలు. కండ్లు తిరుగుతయ్. గిట్ల ఎన్నడన్న ఉండెనా? కొడుకు లారీ మీద పోతడు, ఇంట్ల మేమిద్దరమే. ఇంకెవ్వలు పెడ్తరు?"

ఇంకో మనిషి అయితే ఏమనేవాడో. నాకు మాత్రం కళ్లముందు జ్యోతి ఫోన్ మెదిలింది. "ఈ కాలంల ఎవ్వర్నీ నమ్మలేమవ్వా. ఆమె చేతి తిండి జర తక్కువ తిను" అన్నాను. పెద్దమనిషిలా తల కూడా ఊపాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

కొద్ది రోజులకే సక్కవ్వ మళ్లీ వచ్చింది. నెల కాలేదు. ముఖం పీక్కుపోయింది. "ఐతారం నాడు పెద్దమనుషులను కూసోబెడుతున్న. దాన్ని తల్లిగారింటికి తోలుడే. పిల్లగాన్ని మేం ఉంచుకుంటం" అంది. కోడలి పేరు సంగీత అని, ఆమెకు మూడేళ్ల కొడుకున్నాడని నాకప్పుడే తెలిసింది. నువ్వు చెప్పినట్టే దాని చేతి తిండి మానేసిన, నిన్నటి నుంచి చాయ తప్ప ఏమీ ముట్టలేదు అని కూడా చెప్పింది. చెబుతూ చెబుతూనే బల్ల పట్టుకుంది. నుదుటి మీద చెమట ధారలు కట్టింది. కాళ్లు ముడుచుకుపోయి కింద కూలబడింది.

"విషమే! విషమే పెట్టింది!" అని అరిచాను. జ్యోతి మాత్రం ఒక్క గెంతుతో బల్ల దాటి అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, షుగర్ గోలీ ఏసుకున్నవా పొద్దుగాల?"

"రెండూ ఏసిన బిడ్డా..." అంది సక్కవ్వ, మాట తడబడుతూ.

జ్యోతి గ్లూకోమీటర్‌తో, అంటే వేలి చుక్కతో రక్తంలో చక్కెర చూసే మిషన్‌తో, చూసింది. డెబ్బైకి పైన ఉండాల్సింది యాభై కూడా లేదు. "అన్నా, గ్లూకోజ్!" అని అరిస్తే నా చేతులు అప్పుడు కదిలాయి. కలిపి ఇచ్చాను. జ్యోతి అవ్వ తల ఎత్తి పట్టుకుని గుటక గుటకగా తాగించింది. కాసేపటికి చూపు నిలిచింది. జ్యోతి అప్పుడు ఆ సంచి విప్పి, ఆకుపచ్చ స్ట్రిప్, తెల్ల స్ట్రిప్ తిరగేసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదివింది. రెండూ నా ముందు పెట్టింది.

"అన్నా, రెండింట్లనూ గ్లైమిపిరైడే. షుగర్ గోలీ. ఒక్కటే మందు రెండేసుకుంటున్నది, తిండి లేకుంట. గందుకే షుగర్ పడిపోయి గా వణుకు, చెమటలు."

ఆ రెండూ నేనే ఇచ్చాను. నా చేత్తోనే. ఆకుపచ్చది, మహారాష్ట్రలో ఉన్న అవ్వ కూతురు చూపిస్తే అక్కడి డాక్టరు రాసినది. తెల్లది మన డాక్టరుది. మరి ఆయనకు మొదటి గోలీ సంగతి చెప్పలేదా అవ్వా అంటే, "ఇంకో డాక్టర్ గోలీలు ఏస్కుంటున్న అంటే కోపానికి రాడా?" అంది. ఆకుపచ్చది షుగరుకు, తెల్లది నీరసానికి అనుకుందట. రంగులు వేరు కదా! అయినా ఆమెనేమనాలి? ఆ రంగులు చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎలాంటి అక్షరమైనా చదువుతానని విర్రవీగిన నేను, స్ట్రిప్ వెనక ఉన్న అచ్చు అక్షరాలు ఇరవై ఏళ్లలో ఎన్నడూ చదవలేదు. నాకు వచ్చినవి మందుల పేర్లు. మందులు కావు.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు సెలైన్ పెట్టించి, ఆకుపచ్చది ఆపేశాడు. కబురు అందుకుని సంగీత వచ్చింది. పిల్లవాడు చంకలో, టిఫిన్ డబ్బా చేతిలో. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్త తనను తల్లిగారింటికి తోలబోతోందని ఊరంతా ఆమెకు చెప్పేసింది.

అవ్వ ఆ డబ్బా వంక అనుమానంగా చూసింది. ఇక నాకు ఆగలేదు.

"అవ్వా, నిన్ను గిట్ల చేసింది సంగీత కాదు. నేను. రెండు గోలీలు ఒక్కటేనని నాకు తెల్వక ఇచ్చిన. నా మాట విని తిండి బంద్ చేసినవ్. ఆ బిడ్డ మీద పెద్దమనుషులను కూసోబెట్టకు. కూసోబెడితే నన్ను పిలువు, ఇదే చెప్త."

సంగీత కళ్లు తుడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. సక్కవ్వ చెయ్యి చాచి, "తే, ఏం తెచ్చినవ్" అంది. సంగీత జొన్నరొట్టె తుంచి ఇచ్చింది. అవ్వ తింది. నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

షాపుకు తిరిగొచ్చే దారిలో జ్యోతిని అడిగేశాను, ఆ ఫోటోలు సేటుకేనా అని. ఆమె బిత్తరపోయింది. "నాకు డాక్టర్ల రాత రాదన్నా. నువ్వేమో అడిగితే కసురుతవ్. ఇంటికి పోయి చూస్కుంట నేర్చుకుంటున్న" అంది. ఆ పిల్ల తనకు రానిదేదో పనిలో చేరిన మొదటి రోజే తెలుసుకుని, దాని వెంట పడింది. నేను నాకు రానిదాన్ని ఎలా దాచాలా అని చూస్తున్నాను.

దసరా దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే సేటు ముందు నిలబడ్డాను. "చీటీ చదువుడు వచ్చు. ఏ ఊరి మనిషికి ఏం బాధనో తెలుసు. గోలీ లోపల ఏముందో తెల్వదు సేటూ" అన్నాను. ఆయన నన్ను పంపేస్తాడని చెప్పులు కూడా తొడుక్కుని ఉన్నాను. ఆయన నవ్వి, "గదే కదరా నేనడిగింది. గా పిల్లతోని నేర్చుకో, ఆమెకు నేర్పు" అన్నాడు. అంతే.

ఇప్పుడు రోజూ షాపు తెరిచాక ఓ గంట మా ఇద్దరికీ బడి. ఆమె నాకు మాలిక్యూల్స్ చెబుతుంది, నేను ఆమెకు డాక్టర్ల రాతలు చదివిస్తాను. ఎవరు కొత్త గోలీ కొన్నా, ఇంట్లో ఇంకేం గోలీలున్నాయో తెచ్చి చూపమంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. నా అనుమానపు బుద్ధి పోలేదు, పోదు కూడా. ఎటు తిప్పాలో మాత్రం తెలిసింది.

మొన్న సక్కవ్వ సంగీతతో కలిసి వచ్చింది. నేను స్ట్రిప్ తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ముందుగాల గా పిల్లకు చూపియ్యి. నీ మీద నాకు అనుమానమున్నది."

"నాక్కూడ ఉన్నదవ్వా" అని స్ట్రిప్ జ్యోతి చేతిలో పెట్టాను.